మాటల దొరలకు మంగళహారతి

టెక్నాలజీ దొరలారా, గుణదల నుంచి దండాలు. తరతరాలుగా జనం నోళ్లలో నలిగిన మాటను ఏరుకుని, దాని చుట్టూ కంచె వేసి, వకీళ్లను కాపలా పెట్టగల శక్తి తమకే ఉంది.

మైక్రోసాఫ్ట్ వారి పట్టుదలకు మొదటి హారతి. కంప్యూటర్ తెర మీద తెరుచుకునే గడిని విండో అనడం 1970లలో జిరాక్స్ పరిశోధనశాల నాటి ముచ్చట. వారి తొలి విండోస్ వచ్చింది 1985లో. అయినా 2001లో లిండోస్ అనే చిన్న కంపెనీని కోర్టుకీడ్చారు. విండోస్ అందరి మాటేమోనన్న సందేహం గట్టిదేనని సియాటిల్ జడ్జి 2002లో అన్నా తగ్గలేదు. 2004లో, జ్యూరీ ఆ సంగతి తేల్చకముందే, రెండు కోట్ల డాలర్లు ఎదుటివారి చేతిలో పోసి రాజీపడ్డారు. లిండోస్ పేరు మార్చుకుంది. ఒక్క మాట మీద ఇంత మమకారం ఏ మహాకవికి ఉంది?

వారి ధర్మబుద్ధీ గొప్పదే. 'యాప్ స్టోర్' తనదని ఆపిల్ రిజిస్ట్రేషన్‌కు వెళితే, అది అందరి మాట అంటూ 2011 జనవరిలో వాదించింది సాక్షాత్తూ మైక్రోసాఫ్టే! ఆపిల్ ఆ ఏడాదే అదే మాట కోసం అమెజాన్ మీద దావా వేసి, 2013లో వదులుకుంది. ఫేస్‌బుక్ వారి చూపు ఇంకా సూక్ష్మం. పుస్తకంతో బతికే టీచర్ల కోసం పెట్టిన టీచ్‌బుక్‌లో 'బుక్' ఉందని 2010లో కోర్టుకెక్కారు.

మా గుణదల కొండ కింద ఇంత నేర్పు లేదు. 1924లో ఫాదర్ ఆర్లాటి మరియమాత విగ్రహం నిలిపిన నాటి నుంచి ఆ తల్లి పేరు ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టుకూ ఆటోకూ ఆడపిల్లకూ పెట్టుకుంటున్నారు. ఫిబ్రవరి ఉత్సవాల్లో కొవ్వొత్తులమ్మే ముసలమ్మకు ఎవరూ నోటీసు పంపరు.

పెళ్లి మాటా దొరల కంట పడింది. చెన్నై కంపెనీ ఒకటి 'తెలుగు మ్యాట్రిమనీ' వంటి పేర్లు తన ట్రేడ్‌మార్కులంటూ గూగుల్ మీద మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. మన భాష పేరూ మన పెళ్లీ కలిపితే ఒకరి ఆస్తి! 'షాదీ' కోసం మరో కంపెనీ వెళితే, ఆ మాట మీద గుత్తాధిపత్యం కుదరదని 2016లో బొంబాయి హైకోర్టులో జస్టిస్ గౌతమ్ పటేల్ తేల్చేశారు.

ఇక హారతి పళ్లెం పక్కన పెడతాను. వస్తువు గుణాన్ని చెప్పే మామూలు మాటకు 1999 ట్రేడ్ మార్కుల చట్టం తొమ్మిదో సెక్షన్ రిజిస్ట్రేషన్ ఇవ్వదు. కానీ వాడగా వాడగా ఆ మాట తమ సరుకునే గుర్తుచేస్తోందని రుజువు చేస్తే ఇస్తుంది. ప్రచారానికి కోట్లు కుమ్మరించేవాడికి ఆ రుజువు చేతిలో పని. కొట్టు నడుపుకునేవాడికి లాయరు ఫీజే భారం. ఇది అన్యాయం.

దరఖాస్తు ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో ప్రకటించాక నాలుగు నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. మన రాష్ట్రానికి రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. బెజవాడ వర్తక సంఘాలూ, భాషాసంఘాలూ ఆ జర్నల్ మీద కన్నేసి ఉంచండి. మన మాట కనబడితే గడువు దాటకుండా అభ్యంతరం దాఖలు చేయండి.