బయాలజీకి కాదు, బయోడేటాకి

శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి వైపు వెళ్తుంటే జీవశాస్త్రం మొత్తం ప్రహరీలు కట్టుకుని రోడ్డు పక్కన కాపురం పెట్టినట్టు ఉంటుంది. 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ అది, బయోటెక్ కంపెనీల అడ్డా. కొవిడ్ టీకా కోవాగ్జిన్ పుట్టింది అక్కడే. 2020 నవంబరులో ప్రధానమంత్రి వచ్చి చూసి వెళ్లిందీ అక్కడే. కూతవేటు దూరంలో ఇంత సైన్సు ఉన్నప్పుడు మేడ్చల్‌లో బీఎస్సీ చదివే అమ్మాయికి స్కాలర్‌షిప్ ఇంటికొచ్చి తలుపు తట్టాలి. తట్టదు కాబట్టి ఆ అమ్మాయి ఫోన్ తీసి ‘బయాలజీ స్కాలర్‌షిప్’ అని వెతుకుతుంది. అక్కడే పప్పులో కాలేస్తోందని నా వాదన. ఈ దేశంలో స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లలో చాలామందికి మీరు ఏం చదువుతున్నారో పట్టదు. ఎవరి పిల్లలు, ఇంట్లో ఎంత ఆదాయం, ఎన్ని మార్కులు, ఏ ఊరు, ఇవే కావాలి. డబ్బు వచ్చేది బయాలజీకి కాదు, బయోడేటాకి.

స్కాలర్‌షిప్పుకీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ దరఖాస్తు పెట్టుకునే రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్‌నే చూడండి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా, 75 శాతం హాజరు అడుగుతుంది. కప్ప గుండెకు ఎన్ని గదులో అడగదు. చూడ్డానికి సులువే, కానీ ఆధార్‌లో ఇంగ్లీషు ఎక్స్ పెట్టి రాసిన లక్ష్మి, పదో తరగతి మెమోలో కె, ఎస్, హెచ్ పెట్టి రాసిన లక్ష్మి జీవశాస్త్రం ప్రకారం ఒకే ప్రాణి. కంప్యూటర్ ప్రకారం రెండు జాతులు. లిన్నేయస్ ప్రతి జీవికీ రెండు మాటల పేరు పెట్టి శాస్త్రాన్ని గట్టెక్కించాడు. మన దగ్గర ఒకే జీవికి రెండు పేర్లుంటే ఫారం గట్టెక్కదు.

‘అదేం లేదు, సైన్సుకే ఇచ్చేవి ఉన్నాయి’ అంటారా? ఉన్నాయి. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 చేతికి, 20,000 వేసవి ప్రాజెక్టుకి. ఇంటర్ బోర్డులో మొదటి ఒక్క శాతంలో ఉండాలి. లేదంటే నీట్‌లో పదివేల లోపు ర్యాంకు తెచ్చుకుని, ఎంబీబీఎస్ వద్దనుకుని బాటనీలో చేరినా అర్హులే. అలాంటి త్యాగమూర్తిని కన్న తల్లిదండ్రులను ముందు ఆస్పత్రిలో చూపించాలేమో! ఇంకా విచిత్రం సబ్జెక్టుల జాబితా. బాటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ ఉన్నాయి. ఖగోళశాస్త్రమూ ఉంది. బయోటెక్నాలజీ లేదు. అది అనువర్తిత శాస్త్రమట. అంటే జీనోమ్ వ్యాలీ పక్కన కూర్చుని నక్షత్రాలు లెక్కపెడితే డబ్బులిస్తారు, జీనోమ్ వైపు చూస్తే ఇవ్వరు. కాబట్టి సైన్సుకిచ్చే చోట కూడా తెరిచేది మార్కుల తలుపే. సబ్జెక్టు పేరు ఎక్కువగా పనికొచ్చేది ఆ తలుపు మూయడానికి.

కేంద్రానిదే ఇంకొకటి ఉంది, ఏ గ్రూపు వారైనా పెట్టుకోవచ్చు. ఇంటర్‌లో 80 పర్సంటైల్ దాటి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలు మించకపోతే డిగ్రీలో ఏడాదికి 12,000. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదు, నూరుమందిలో ఎనభైమందిని దాటడం. కార్పొరేట్ కాలేజీలు నిండిన రాష్ట్రంలో అదేం చిన్న మాట కాదు. ‘నెలకు వెయ్యి ఏ మూలకి?’ అని పెద్దమనుషులు పెదవి విరుస్తారు. డిగ్రీ పిల్లలకు నెలకు వెయ్యంటే రికార్డులు, జిరాక్సులు, పరీక్ష ఫీజు, మధ్యలో రెండు మిర్చి బజ్జీలు. అది చదువు కాకపోవచ్చు గానీ, చదువు ఆగకపోవడం. అసలు చిక్కు వేరే ఉంది. ఇది తీసుకుంటే రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకోకూడదు, రెండు పడవలు కుదరవు. ఫీజు పెద్దదైతే ఈపాస్, సర్కారు కాలేజీలో ఫీజు స్వల్పమైతే 12,000 అని లెక్క వేసుకోవాలి. ఆ లెక్కలో రాష్ట్రం కాలేజీలకు పడ్డ రీయింబర్స్‌మెంట్ బకాయిలనూ కలుపుకోండి. 2025లో వాటి కోసమే ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి.

ఇక ఎవరూ వాడని బయోడేటా గడి ఒకటి మిగిలింది: ఊరు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 5 కోట్లు, ఆపైన నికర లాభం వచ్చే కంపెనీ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. ఆ పద్దులో చదువు ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి ముందు చోటివ్వాలని చట్టమే చెబుతోంది. జీనోమ్ వ్యాలీ కంపెనీలు ఇవ్వడం లేదని నేననను. బెంచీలిస్తాయి, నీటి ట్యాంకులిస్తాయి, వాటి మీద పేర్లు రాయిస్తాయి. అమ్మాయి మీద పేరు రాయించలేరు, అదొక్కటే ఇబ్బంది. ఉద్యోగాలిస్తున్నారు కదా, స్కాలర్‌షిప్ కూడానా అంటే, ఉద్యోగం చదువు పూర్తిచేసినవాళ్లకు. బీఎస్సీ రెండో ఏడాదిలో ఆగిపోయిన అమ్మాయి ఆ గేటు దాకా రాదు. కాలేజీ ప్రిన్సిపాళ్లు మా ఊరి పిల్లలకు స్కాలర్‌షిప్ ఇవ్వండని లెటర్‌హెడ్ మీద ఒక్క ఉత్తరం రాసి తుర్కపల్లి దాకా వెళ్లిరావాలి. ఈలోపు మీరు ఆధార్, మెమో పక్కపక్కన పెట్టుకుని రెండింటిలోనూ ఉన్నది ఒకే లక్ష్మి అవునో కాదో ఈ రాత్రికే చూసుకోండి.