‘దయచేసి వినండి’: సటీకాతాత్పర్యం

మూలం: దయచేసి వినండి. విశాఖపట్నం వెళ్ళు గోదావరి ఎక్స్‌ప్రెస్ మరికొద్దిసేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చును.

ప్రతిపదార్థం: దయచేసి = దయగలవారై (ఈ దయ ప్రయాణికులది, రైల్వేది కాదు); వినండి = చెవియొగ్గుడు; మరికొద్దిసేపట్లో = టీకి చాలినంత, బిర్యానీకి చాలనంత కాలంలో; ఒకటవ నంబరు = ప్రస్తుతానికి ఒకటవది; వచ్చును = వచ్చు స్వభావము గలది. ఇది తద్ధర్మార్థక క్రియ. స్వభావాన్ని చెబుతుందే గాని కాలాన్ని నియమించదు. కాబట్టి బండి గంట ఆలస్యమైనా ప్రయోగంలో దోషం లేదు. ‘ఒకటవ’కు మారుగా ‘పదవ’ అనే పాఠాంతరం బండి కనబడే వేళకు వినవస్తుంది. అప్పుడు సామాన్లతో మెట్లవంతెన ఎక్కేవారికి వ్యాఖ్యాన మక్కరలేదు.

అన్వయం: సికింద్రాబాద్ స్టేషన్‌లో ఈ వాక్యం తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషల్లో వినిపిస్తుంది. ముందే రికార్డు చేసిన ముక్కలను యంత్రం అతికిస్తుంది గనుక అంకెల దగ్గర గొంతు ఒక్కసారిగా గంభీరమవుతుంది.

పూర్వపక్షం: ఎక్కినవారి భాషలను బట్టి కదా ప్రకటన ఉండాలి? మధ్యధరా సముద్రంలో తిరిగే విహారనౌకల పద్ధతి అదే. కోస్టా, ఎమ్మెస్సీ కంపెనీల ఓడలు బార్సిలోనాలో కొందరిని, మార్సెయిలో కొందరిని, జెనోవాలో కొందరిని ఎక్కించుకుంటాయి. ఒకరి యాత్ర మొదలైన రేవులోనే ఇంకొకరిది ముగుస్తుంది. అందువల్ల లైఫ్‌జాకెట్ ఎలా తొడుక్కోవాలో ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్, ఇంగ్లీషు భాషల్లో వరసగా చెబుతారు. తమ భాష వచ్చేదాకా తక్కినవారు ఓపిక పట్టాలి. రైల్వే కూడా ఇలా ఎందుకు చేయరాదు?

సిద్ధాంతం: ఓడ టికెట్లు కొన్నవారిని చూసి భాషలను ఎంచుకుంటుంది. రైల్వే ప్రాంతీయ భాష, హిందీ, ఇంగ్లీషు అనే నియమాన్ని చూస్తుంది. జనాన్ని లెక్కపెట్టి భాషలు పెట్టాలంటే స్టేషన్ పక్కనున్న లాలాగూడ ఒక్కటే ప్రకటనను బండికన్నా పొడుగు చేయగలదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే ఇక్కడ 1893లో వర్క్‌షాప్ పెట్టింది. దాని చుట్టూ లేచిన క్వార్టర్లలో తెలుగువారితో, ఉర్దూవారితో పాటు ఇంగ్లీషే ఇంటిభాషగా గల ఆంగ్లో ఇండియన్లు, తమిళులు కాపురమున్నారు. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దక్షిణ రైల్వే నుంచి విజయవాడ, హుబ్లీ డివిజన్లు, మధ్య రైల్వే నుంచి సికింద్రాబాద్, సోలాపూర్ డివిజన్లు వచ్చి చేరాయి. జోన్ కాగితాల మీద కన్నడం, మరాఠీ కూడా చుట్టాలయ్యాయి. ఇందరిలో ఎవరికీ ప్రత్యేకంగా ఒక ప్రకటన దక్కలేదు, ఎవరి బండీ అందుకోసం తప్పిపోలేదు.

ఉర్దూ సంగతి వేరు. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ భాషలోనే పాఠాలు చెప్పింది. ఈ ప్రాంతపు స్టేషన్ బోర్డుల మీద దానికి నాలుగో చోటు ఉంది. మైకులో మాత్రం దాని పేరు లేదు. హిందీ ప్రకటన వింటూనే ఉర్దూవారు పని కానిచ్చుకుంటారు. భాషాశాస్త్రులు దీని మీద ఎంతైనా వాదించుకోవచ్చును. ప్లాట్‌ఫామ్ మీద వాదం లేదు.

విశేషం: ఓడలో వినిపించే ఆ అయిదు భాషలూ సికింద్రాబాద్‌లోని తార్నాక దగ్గరే దొరుకుతాయి. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా పుట్టి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) వాటన్నిటినీ నేర్పుతుంది. అక్కడ చదివే విదేశీ విద్యార్థి సికింద్రాబాద్‌లో బండెక్కాలంటే ఆ అయిదింటిలో ఇంగ్లీషుకే పని. అతడు ఇంగ్లీషులో అడిగితే, ఎర్రచొక్కా కూలీ హిందీలో ప్లాట్‌ఫామ్ నంబరు చెప్పి, వేళ్ళతో చూపించి, సామాను నెత్తికెత్తుకున్నాక తెలుగులో బేరం మొదలుపెడతాడు.