మా రోజుల్లో తీగ గుంజేవాళ్లం

జనగామలో ఇప్పుడు ఏ పిల్లవాడి గదిలోకి తొంగిచూసినా ముందు కనబడేవి రంగుల దీపాలే. అద్దాల క్యాబినెట్, ఫ్యాన్లకు దీపాలు, ర్యామ్‌కు దీపాలు, కీబోర్డు కింద దీపాలు. అమ్మానాన్నల్ని బతిమాలి డెబ్బై, ఎనభై వేలు పోయించిన మిషన్. తీరా వాలరెంట్ ఆట తెరిస్తే, "పింగ్ ఆగుతలేదు కాకా, ముప్పై ఉంటది, ఒక్కసారే రెండొందలకు పోతది" అని మొహం వేలాడేస్తారు. రూటర్ ఏడుందిరా అంటే ముందరింట్లో, టీవీ వెనక. నడుమ రెండు గోడలు. తీగ లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మా రోజుల్లో తీగ లేనిదే ఆట లేదు. నేను నెట్ సెంటర్ నడిపిన కాలంలో బయటి ప్రపంచానికి దారి డయలప్ మోడెమ్ ఒక్కటే. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చి 256 కేబీపీఎస్ ఇస్తే అదే మహాభాగ్యం అనుకున్నాం. కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడాలంటే ఒకే గదిలో పక్కపక్కన మిషన్లు, మధ్యలో ఒక స్విచ్. తీగలు మేమే గుంజుకున్నాం, కొసలు మేమే కట్టుకున్నాం. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఎనిమిది పోగుల్నీ ఈ వరసలో వేళ్ల మధ్య సాపుచేసి, కొస ఒక్క కోతతో సమంగా కత్తిరించి, ప్లగ్గులోకి తోసి, క్రింపర్‌తో నొక్కాలి. ఆకుపచ్చ జంట మూడో గుంటలోకి, ఆరో గుంటలోకి విడిపోయి కూర్చోవాలి. వరస తెలియనివాడు జంటల్ని పక్కపక్కనే దోపేస్తాడు. టెస్టర్ మీద దీపాలన్నీ చక్కగా వెలుగుతాయి, కానీ పోగుల మధ్య రొద పుట్టి ప్యాకెట్లు రాలిపోతాయి. గురి సరిగ్గా పెట్టినా తూటా తగలదు. అట్లాంటి తీగను చేత్తో పట్టుకుని చూసి తప్పు చెప్పగలిగిన పిల్లలు ఆ రోజుల్లో మా సెంటర్‌లోనే ఉండేవారు.

తెరల సంగతీ అంతే. అప్పటి డబ్బా మానిటర్లు టేబుల్ సగం ఆక్రమించేవి, గదిని కొలిమి చేసేవి. అయినా వాటికొక గుణం ఉండేది: సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీసేవి, బొమ్మను ఆపి సవరించే పని పెట్టుకునేవి కావు. విండోస్ ఎక్స్‌పీలో ఒక జబ్బు ఉండేది. మానిటర్‌ను 85 హెర్ట్జ్‌లో పెట్టుకున్నా ఆట తెరవగానే 60కి పడిపోయేది. కుర్రాళ్లు కనిపెట్టి, ఆట మొదలయ్యే వరసలోనే ఆ 85 రాసిపెట్టుకునేవారు. ఇప్పుడు 144 హెర్ట్జ్ మానిటర్ కొని, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 మీదే నెలల తరబడి ఆడేవాళ్లను చూస్తున్నాను. 60లో ఒక బొమ్మకూ మరో బొమ్మకూ నడుమ 16.7 మిల్లీసెకన్లు, 144లో 6.9. డబ్బు కట్టి తెచ్చుకున్న ఆ పది మిల్లీసెకన్లు పెట్టెలోనే పడి ఉంటాయి.

ఆటే కదా అని నేను కొట్టిపారేయను. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలిచ్చారు. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. మహబూబాబాద్ పిల్లవాడు హైదరాబాద్ పిల్లవాడితో సమానంగా తలపడే చోటు ఇది. వాడి చేతిలో ఉన్న వేగం వాడి మిషన్‌లో లేక ఓడిపోతే నాకు కడుపు మండుతుంది.

మహబూబాబాద్ వాళ్లు అప్పట్లో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ పోయి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అంతస్తు అంతస్తూ తిరిగి, నాలుగు దుకాణాల్లో ధర అడిగి సామాను తెచ్చుకునేవారు. భూపాలపల్లికి రైలే లేదు. పరకాల మీదుగా హనుమకొండ బస్సే దిక్కు. ఆ ఊరి పిల్లవాడొకడు మొన్న ఒక దుకాణంలో కట్టించుకున్న మిషన్ నా దగ్గరికి తెచ్చాడు. పదహారు జీబీ ర్యామ్ ఒకే కర్రగా పెట్టారు. ఎనిమిదీ ఎనిమిదీ రెండు పెడితే ప్రాసెసర్‌కు రెండు దారులు దొరుకుతాయి, ఆట తడబడడం తగ్గుతుంది. పైగా బయాస్‌లో ఎక్స్ఎంపీ వేయలేదు, ర్యామ్ తన వేగం కన్నా తక్కువలో నడుస్తోంది. పవర్ సప్లై మీద పేరే లేదు. దీపాలు మాత్రం లెక్కలేనన్ని. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులు ఎత్తుకుపోయి ర్యామ్ ధరలు మండిపోతున్న రోజుల్లో, ఇట్ల అంటగడితే ఎట్ల?

డబ్బు తక్కువైతే కన్నుకూ చేతికీ ముందు పెట్టాలి. మంచి 144 హెర్ట్జ్ మానిటర్, సెకనుకు వెయ్యిసార్లు కబురు చెప్పే తీగ మౌస్. మామూలు మౌస్ 125 సార్లే చెబుతుంది, అంటే ఒక కబురుకూ ఇంకో కబురుకూ ఎనిమిది మిల్లీసెకన్లు. ఆ తర్వాతే ప్రాసెసర్. ఆఫీసులు వదిలించుకున్న పాత డెస్క్‌టాప్ మీద కట్టుకుంటామంటే అదీ మంచిదే. అయితే సన్న క్యాబినెట్ వద్దు, అందులో పొట్టి కార్డులే పడతాయి. పవర్ సప్లై తీగ ఆ మిషన్ చేసిన కంపెనీకే సరిపోయేదా అన్నది కూడా చూసుకోవాలి. జీటీఎక్స్ 1650లో వేరే తీగ అడగని రకం ఉంది, 75 వాట్లతో స్లాట్ నుంచే కరెంటు తీసుకుంటుంది. పాత మిషన్‌కు అదే దారి. ఆటలో బొమ్మను ఆపిపట్టే వీ-సింక్ తీసేయాలి. ఆలస్యం తగ్గించే రిఫ్లెక్స్ ఉంటే వేయాలి.

ఇక పింగ్, అంటే కబురు సర్వర్‌కు పోయి తిరిగొచ్చే సమయం. సర్వర్ ముంబైలో ఉంటుంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. జనగామ నుంచి రానూపోనూ ఏడెనిమిది మిల్లీసెకన్లు ఎవడూ తగ్గించలేడు. దారి వంకరలు, నడుమ రూటర్లు కలిపి ముప్పై చూపిస్తే అది మంచి లైనే. రెండొందలకు ఎగిరేది ఇంట్లోనే. చెల్లె పెళ్లి వీడియో అప్‌లోడ్ పెడుతుంది, రూటర్‌లో ప్యాకెట్లు రేషన్ షాపు ముందర జనంలా బారులు తీరుతాయి, మీ తూటా ఆ బారు చివర నిలబడుతుంది. రూటర్ సెట్టింగుల్లో అప్‌లోడ్‌నూ డౌన్‌లోడ్‌నూ అసలు వేగంలో 85, 90 శాతానికి కట్టడి చేస్తే ఆ బారు పోతుంది. బారును తానే సర్దే ఎస్‌క్యూఎం ఉన్న రూటర్ అయితే ఇంకా నయం. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఒక్కడూ చేయడు.

కరెంటు సంగతి మరవొద్దు. రూటర్‌కు, ఫైబర్ డబ్బాకు 12 వోల్టుల చిన్న యూపీఎస్, మిషన్‌కు పెద్దది, గోడ ప్లగ్గుకు సరైన ఎర్తింగ్. మ్యాచ్ నడుమ రెండు సెకన్లు కరెంటు మినుక్కుమని మిషన్ పోతే ర్యాంకు పాయింట్లూ పోతాయి, మళ్లీ ఆడనీయకుండా కాసేపు ఆపేస్తారు కూడా. ముందు ఈ వారం ఒక్క పని చేయండి. కేబుల్ దుకాణంలో ఇరవై మీటర్ల క్యాట్ 6 తీగ, అల్యూమినియం కాదు, రాగిదే అడిగి తెచ్చుకుని రూటర్ నుంచి గదికి గుంజండి. కొసలు కట్టడం రాకపోతే నా దగ్గరికి రండి, నేర్పిస్తాను.