గెడ్డకి లాగిన్ లేదు

తుపాను కబురు చెవిన పడగానే మా ఊరికి ముప్పుందో లేదో చూద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక పటం సైటు తెరిచి 'గోవాడ' అని కొట్టాను. అది భూగోళాన్ని గిర్రున తిప్పి నన్ను బాపట్ల జిల్లా అమృతలూరు మండలంలో దింపింది. అక్కడా ఒక గోవాడ ఉంది. బాలకోటేశ్వరస్వామి గుడి, శివరాత్రి ప్రభలు, పేరున్న ఊరే, కాదనను. మాది మాత్రం చోడవరం గోవాడ, చక్కెర ఫ్యాక్టరీ గోవాడ. పోనీ జిల్లా పేరుతో వెతుకుదామంటే అనకాపల్లి ఆ జాబితాలో లేదు. 2022 ఏప్రిల్ 4న పుట్టిన బిడ్డ కబురు ఆ సైటుకి ఇంకా చేరలేదు. విశాఖపట్నం అని నొక్కితే అప్పుడు ఊరు దొరికింది. వరద ఎలాగూ జిల్లాల విభజన చూసుకుని రాదు కదా అని సర్దుకున్నాను.

వెనకాల నుంచి మా పెదనాన్న తొంగి చూశాడు.

"ఏటిరా, ఈ గళ్ళ లుంగీ?"

లుంగీ కాదు, నేల ఎత్తుల పటం. వరద పటం ఏదైనా ముందు దీన్ని కింద పరుస్తారు. నీరు పల్లమెరుగు అని మనం ఊరికే అనేస్తాం, కంప్యూటర్‌కి ఆ పల్లమేదో ఎవరో ఒకరు చెప్పాలి. 2000 ఫిబ్రవరిలో అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్ 11 రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో ఎత్తులు కొలిచింది. 2005లో మన కార్టోశాట్-1 ఎగిరి జంట కెమెరాలతో అదే పని చేసింది. రెండింటిలోనూ ఎవరికైనా ఉచితంగా దొరికేది సుమారు 30 మీటర్ల గడి. ఒక గడికి ఒకటే ఎత్తు. అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో 22 సెంట్ల పైచిలుకు.

"22 సెంట్లకీ ఒకటే ఎత్తేటి?" అని పెదనాన్న నవ్వాడు.

నవ్వడా మరి! మా ఊళ్ళో 22 సెంట్లంటే ముగ్గురు అన్నదమ్ములు, రెండు గట్లు, ఒక కోర్టు కేసు. నడిపివాడు గట్టు జానెడు ఎత్తు పెంచాడు. వాన నీరు మళ్ళి చిన్నోడి చెరుకులో నిలబడింది. ఆ జానెడు మీద ప్లీడర్లు రెండు తరాలుగా బతుకుతున్నారు. అంతరిక్షం నుంచి తీసిన ఎత్తులో తేడా వస్తే అది మీటర్లలో ఉంటుంది. ఆ పటం పట్టుకుని జడ్జిగారి ముందుకి వెళ్తే ముగ్గురూ గెలుస్తారు.

పటాన్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. 2009 ఆగస్టులో ఇస్రో 'భువన్' పటాల సైటు తెచ్చినప్పుడు మన ఊరిని మనమే పైనుంచి చూసుకోవచ్చని గంతులేసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. పెద్ద వాటికి ఈ లెక్కలు బాగానే పనికొస్తాయి, గోదావరి సంగతే చూడండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండు, 53కి మూడు. 2022 జులైలో 71 అడుగులు దాటితే రాష్ట్రమంతా నిద్ర మానేసి ఆ అంకెనే చూసింది. పెద్ద నదికి అంత మర్యాద ఉంది. మా ఊరి గెడ్డకి, అంటే వాగుకి, అడుగులూ లేవు, హెచ్చరికలూ లేవు. మోకాలు, మొల, గుండె: ఇవే మా కొలతలు. వీటిని సర్వర్‌లోకి ఎక్కిద్దామంటే ఎవరి మోకాలో రాయాలి.

ఇక చెరుకు దగ్గర ఉపగ్రహం పడే తిప్పలు. తుపాను రోజుల్లో మబ్బుల వల్ల మామూలు కెమెరా పనికిరాదు, కాబట్టి రాడార్ ఉపగ్రహాన్ని నమ్ముకుంటారు. 2022 ఫిబ్రవరిలో వెళ్ళిన మన ఈఓఎస్-04 ఆ జాతిదే. రాడార్ కిరణం నున్నటి నీటి మీద పడి అద్దం మీద జారినట్టు అవతలికి పోతుంది. వెనక్కి ఏమీ రాదు గనక ఆ చోటు బొమ్మలో నల్లగా పడుతుంది. నలుపు కనిపిస్తే వరద. తెలివైన ఉపాయమే. కానీ అక్టోబరు నాటికి మా చెరుకు మనిషిని మించి ఉంటుంది. కిరణం ఆకులకే తగులుకుని పైనుంచే వెనక్కి తిరుగుతుంది. కింద మొలలోతు నీళ్ళున్నా పటంలో పచ్చగా, కళకళలాడుతూ పంట. అప్పుడు మాకు వరద రాలేదన్నమాట. రైతు తడిసింది చెమటకి కాబోలు.

చెరుకు నేలకి ఒరిగి, నీళ్ళలో నాని, రసంలో పస పోతే దానికి పటంలో రంగు లేదు. 33 శాతం, ఆ పైన పంట పోయిందని తేలితేనే పెట్టుబడి రాయితీ. 32 పోయినవాడు దేవుడికి కొబ్బరికాయ కొట్టి, ఆ ఒక్క శాతం కూడా పుచ్చుకోమని వేడుకోవాలి.

2023 ఆగస్టులో కేంద్ర జల సంఘం 'ఫ్లడ్ వాచ్' యాప్ తెచ్చింది. అంకెలు చూపించడమే కాదు, చదివి వినిపిస్తుంది కూడా. విడుదల నాడు దానికి వచ్చిన భాషలు రెండు, ఇంగ్లీషు, హిందీ. మా పెదనాన్నకి హిందీ వినిపించాను. శ్రద్ధగా విని, "ఎవుల్రా ఆయన, వడ్డీ యాపారా?" అన్నాడు.

అసలు మాకు వరద ఎప్పుడూ ఆకాశం నుంచే రాదు. ఎగువన శారదా నది మీద రైవాడ జలాశయం ఉంది. వేసవిలో దాని నీళ్ళు విశాఖ పట్నం దాహం తీరుస్తాయి, పొలాలకి కావాలని ఆయకట్టు రైతులు అడుగుతూ ఉంటారు. వాన ముదిరి జలాశయం నిండితే ఆ నీరు ఎవరూ అడక్కుండానే మా దిక్కుకి వస్తుంది. ఎండల్లో పట్నానిది, వానల్లో మాది. ఇంత ఖచ్చితమైన పంపకం ఏ అన్నదమ్ముల మధ్యా చూడలేదు. మాకు కావాల్సిన సమాచారం ఒక్కటే. ఎన్ని గేట్లు ఎత్తారు, నీరు మా తూము దగ్గరికి ఎన్ని గంటలకి వస్తుంది? పటాల్లోని అన్ని లేయర్లూ, అంటే పొరలూ, విప్పి చూశాను. నేల రకం ఉంది, జనాభా ఉంది, అడవి సాంద్రత ఉంది. ఆ గంట మాత్రం కనపడలేదు. దానికి ఇప్పటికీ చాటింపే గతి.

ఇవన్నీ నెట్ ఉన్న రోజు ముచ్చట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు స్తంభాలతో పాటు సెల్ టవర్లూ కూలాయి. వరద వచ్చిన రోజున పని చెయ్యని వరద యాప్ పెళ్ళయ్యాక అందిన శుభలేఖ లాంటిది.

మొన్న ఒక సర్వే కుర్రాడు ట్యాబ్ పట్టుకుని గెడ్డ గట్టు మీదికి వచ్చాడు. ముంపు ప్రాంతాలు పటంలోకి ఎక్కిస్తున్నాడట. పెదనాన్న సంబరపడి పశువుల శాల గోడ మీద పాత వరద గీతలు చూపించాడు. హుద్‌హుద్‌ది ఒకటి, అంతకు ముందు 2012లో నీలం తుపానుది ఒకటి. తర్వాత తూము దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇది సూడు బాబూ. నోట్లో గుర్రపుడెక్క పేరుకుపోనాది. నీరు ఎనక్కి తన్ని ఊళ్ళోకి వొస్తాది. ఈ ముక్క రాసుకో."

"గోడ గీతలకి లేయర్ లేదండి. తూము కూడా వేరే డిపార్ట్‌మెంటండి. నాకు పాయింట్ మాత్రమే పెట్టమన్నారు."

"పోనీ ఆ డిపాట్‌మెంటోలికి సెప్పు."

"వాళ్ళకి లాగిన్ ఇవ్వలేదండి."

పెదనాన్న ఇంకేం మాట్లాడలేదు. శాలలోంచి గునపం తెచ్చుకుని, పంచె ఎగ్గట్టి తూములోకి దిగాడు. కుర్రాడు గట్టు మీద నిలబడి, సిగ్నల్ అందే చోటు చూసుకుని, జియో ట్యాగ్‌తో ఫొటో తీసుకున్నాడు.