పెంపుడుతల్లి ఆత్మకథ

మొగల్తూరులో ఓ కొబ్బరిచెట్ల దొడ్లో తిరిగే పెట్ట తన కథ తానే చెప్పుకుంటోంది. ‘నేను’ అనడం దానికి నామోషీ, ‘ఈ పెట్ట’ అనే అంటుంది. జాతి అడిగితే నాటు. ఏడాదికి యాభై అరవై గుడ్లకు మించి పెట్టదు గానీ, పొదుగుకు కూర్చుంటే 21 రోజులూ కదలదు. అందుకే ఇంటావిడ ఏ కోడి గుడ్లయినా దీని కిందే పెడుతుంది.

ఇంట్లో కూరకు సరిపడా నాలుగు కోళ్లు పెంచాలని ఆవిడ కోరిక. ఏ జాతి తేవాలన్నదే తగువు.

ముందు వచ్చింది బ్రాయిలర్. కార్నిష్, ప్లిమత్ రాక్ జాతుల సంకరం నుంచి వచ్చిన కోడి అది. ఆరు వారాల్లో రెండు కిలోలు తూగుతుంది. ఫారంలో సంచి మేత, ఫ్యాను గాలి ఉంటేనే ఆ లెక్క. ఇక్కడి సముద్రపు ఉక్కకు, మే నెల ఎండకు రొప్పుతూ కూలబడింది. గద్ద నీడ పడితే మట్టల కిందికి దూరాలన్న తెలివీ లేదు. తెల్లటి ఒళ్లు ముంగిసకు దూరం నుంచే కనబడేది.

ఇంటాయన మనసు పందెం జాతి అసీల్ మీదికి పోయింది. భీమవరం చుట్టుపక్కల పుట్టినవాళ్లకు అది సహజమేలెండి. బరిలో ఓడిన ‘కోస’ మాంసానికి ఇక్కడున్న గిరాకీ ఎవరికి తెలియదు? అయితే అసీల్ నిదానంగా ఎదుగుతుంది, గుడ్లు తక్కువ, ఎదిగిన పుంజులు రెండు ఒక దొడ్లో ఇమడవు. వారం వారం కూరకైతే దండగని ఈ పెట్ట తీర్పు. తర్వాత ఝాబువా ప్రాంతపు నల్లకోడి కడక్‌నాథ్ మాట వచ్చింది, దానికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ధర ఘనమే, ఒళ్లు మాత్రం చిన్నది.

చివరికి వనరాజ. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రంగురంగుల కోడి. అక్కడిదే గ్రామప్రియ, అది ముఖ్యంగా గుడ్లకు. వనరాజ పుంజుపిల్ల నూకలు, తవుడు, దొడ్లో పురుగులు తింటూ మూడు నెలల సుమారుకు కిలో దాటుతుంది. ఈ పెట్ట పిల్లలు ఆ బరువు తూగాలంటే ఇంకా చాన్నాళ్లు ఆగాలి. ఒప్పుకోక తప్పదు.

వనరాజ పెట్టకు పొదిగే బుద్ధి మాత్రం లేదు. డబ్బు మిగులుతుందని ఇంటావిడ దాని గుడ్లను ఈ పెట్ట కింద పెట్టింది. పిల్లలైతే చక్కగా లేచాయి. ఎదుగుదలే ఒక్కోదానిది ఒక్కో తీరు. వేర్వేరు వరసలను కలిపితే వచ్చిన బరువు అది, తర్వాతి తరంలో అలాగే నిలవదు.

కాబట్టి కూరకోసం పెంచేవాళ్లు వనరాజ పిల్లలను ప్రతి విడతా కొత్తగానే కొనండి. మొదటి వారంలోనే కొక్కెర టీకా చుక్కలు వేయించండి, ఆరు వారాలు వెచ్చటి గూట్లో సాకాకే దొడ్లోకి వదలండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు ఫారాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడ్డ జిల్లా ఇది, కొత్త కోళ్లను కొన్నాళ్లు పాతవాటితో కలపకండి.