ఏం కాదన్నా, కానీయ్!

వెల్డింగ్, ప్లాస్మా కటింగ్ పనుల్లో వాడే రక్షణ సాధనాల్లో అన్నిటికంటే విరివిగా దొరికేది, పైసా ఖర్చు లేనిది "ఏం కాదు". దీనికి ఐ.ఎస్.ఐ. మార్కు అక్కర్లేదు, సైజుల బెడద లేదు, ఎండాకాలం ఉక్కపోయదు. హెల్మెట్, తోలు గ్లవ్స్, మాస్కు, బూట్లు కలిసి చేసే పనిని ఇదొక్కటే చేసిపెడుతుందని వాడేవాళ్ళ నమ్మకం. ఆటోనగర్లలో, పారిశ్రామికవాడల్లో, ఊరి చివర గేట్లూ గ్రిల్సూ చేసే షెడ్లలో ఇది తరతరాలుగా చేతులు మారుతోంది. మేస్త్రీ కుర్రాడికి రాడ్డు పట్టుకోవడం నేర్పేలోపే దీన్ని నేర్పేస్తాడు.

సాధనం పాతదే గాని దాన్ని నమ్ముకుని నడుపుతున్న యంత్రాలు కొత్తవి. ప్లాస్మా కటింగ్ 1950లలో అమెరికాలో పుట్టింది. రాబర్ట్ గేజ్ అనే ఇంజనీరుకు 1957లో దాని మీద పేటెంటు వచ్చింది. సన్నటి నాజిల్ గుండా గాలిని గానీ వేరే వాయువును గానీ ఒత్తిడితో పంపి, అందులోంచి కరెంటు పోనిస్తే ఆ వాయువే ప్లాస్మాగా మారుతుంది. దాని వేడి 20,000 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. సూర్యుడి ఉపరితలం వేడి 5,500 డిగ్రీలే. గ్యాస్ కటింగ్‌కు లొంగని స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం కూడా దీని ముందు నిలవవు. ఇన్వర్టర్ మిషన్లు వచ్చి బరువూ ధరా తగ్గాక చిన్న షెడ్లలోకీ ఇది చేరింది. ఓనరు అప్పు చేసి మిషను కొంటాడు, కంప్రెసర్ కొంటాడు. గాలిలో తేమ ఉంటే నాజిల్ త్వరగా పాడవుతుందని కంప్రెసర్‌కు ఫిల్టరు కూడా బిగిస్తాడు. మిషను పీల్చే గాలికి ఫిల్టరు ఉంటుంది. మనిషి పీల్చే గాలికి "ఏం కాదు" ఉంటుంది.

ఈ "ఏం కాదు" సిద్ధాంతానికి పునాది అనుభవం. "ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాం, ఏమైంది?" అన్నది దాని ప్రధాన ప్రమాణం. ఈ ప్రశ్న అడిగేవాళ్ళంతా ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా షెడ్డులో మిగిలినవాళ్ళే. ఏదో ఒకటి అయినవాళ్ళు కంటిచూపు మందగించి ఊరెళ్ళిపోతారు, ఆయాసం ముదిరి వాచ్‌మన్ పనికి మారతారు, లేదా గోడమీద దండ వేసిన ఫోటోలో ఉంటారు. వాళ్ళనెవరూ సాక్ష్యానికి పిలవరు. పైగా ఈ పనిలో వచ్చే నష్టాల్లో చాలా వాటికి ఒక మర్యాద ఉంది: అవి డ్యూటీ టైములో రావు. కాబట్టి వాటిని అవి వచ్చే వేళను బట్టి చూడటం సులభం.

మొదటిది రాత్రికి వచ్చేది. ఆర్క్ నుంచి వెలువడే అతినీలలోహిత కిరణాలు కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరను కాలుస్తాయి. ఆ క్షణంలో ఏమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటలు గడిచాక, సరిగ్గా ఇల్లంతా నిద్రపోయే వేళకు, కళ్ళల్లో గుప్పెడు ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. షెడ్డు భాషలో ఇది "ఆర్క్ కొట్టడం". చేతి వెల్డింగ్‌కు 10 నుంచి 13 షేడ్ వరకు నల్లద్దం కావాలి. చిన్న ప్లాస్మా కోతకు 5, 6 షేడ్లు సరిపోవచ్చు, 80 ఆంపియర్లు దాటితే 8, ఆపైన ఉండాలి. సిద్ధాంతం ప్రకారం మాత్రం టాకా వేసేటప్పుడు అద్దమే అవసరం లేదు, తల పక్కకు తిప్పితే చాలు. తెల్ల గోడ మీదా మెరిసే రేకు మీదా పడి తిరిగొచ్చే కిరణాలు ఆ తల ఎటు తిరిగిందో చూసుకుని రావు. మరికొందరు బస్టాండు దగ్గర కొన్న చలువ కళ్ళద్దాలు పెట్టుకుంటారు. ఫోటోకు బాగుంటాయి. వెల్డరుకైనా చేతిలో షీల్డు ఉంటుంది. చట్రం కదలకుండా పట్టుకుని కూర్చున్న హెల్పరుకు ఆ షీల్డు వెనకభాగం కనిపిస్తుంది.

ఆర్క్ కొట్టిన కంటికి సిద్ధాంతంలో వైద్యం కూడా ఉంది: బంగాళాదుంప చక్రాలు, చంటిపిల్లల తల్లి ఉంటే చనుబాలు. మర్నాటికో ఎల్లుండికో నొప్పి తగ్గుతుంది. కాలిన పైపొర సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తిరిగి పెరుగుతుంది గనుక దుంప పెట్టినా తగ్గుతుంది, పెట్టకపోయినా తగ్గుతుంది. సొమ్మొకడిది, సోకొకడిది. వంటింటి కత్తితో కోసిన దుంపముక్కకు అంటుకున్న మట్టీ, చుక్కలుగా వేసిన పాలూ పుండుపడ్డ కంటికి ఇన్ఫెక్షన్ తెస్తే ఆ లెక్క వేరే ఖాతాలో పడుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మత్తు చుక్కలు ఇంకా ప్రమాదం. అవి నొప్పిని ఆపుతూ, మాటిమాటికీ వేస్తే గాయం మానకుండా కూడా ఆపుతాయి.

రెండోది సాయంత్రానికి వచ్చేది. జీఐ పైపును వెల్డ్ చేసినా కోసినా పైనున్న జింకు పూత తెల్లటి పొగై లేస్తుంది. అది పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు, నోట్లో లోహపు రుచి. దీనికి విరుగుడు గ్లాసుడు పాలు. ఈ జ్వరమూ ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుంది కాబట్టి పాలకూ దుంపతో సమానంగా పేరొచ్చింది. చిక్కల్లా కాడ్మియం పూత ఉన్న బోల్టుల దగ్గరా, కాడ్మియం కలిసిన బ్రేజింగ్ రాడ్ల దగ్గరా వస్తుంది. ఆ పొగ పీల్చినా మొదటి రాత్రి లక్షణాలు దాదాపు ఇలాగే ఉంటాయి. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. పాలగ్లాసుకు ఈ రెంటికీ తేడా తెలియదు.

మూడోది ఏళ్ళ తర్వాత వచ్చేది. దీనికి విరుగుడు బెల్లం. సాయంత్రం చిన్న బెల్లం ముక్కో రెండు అరటిపళ్ళో తింటే పగలంతా పీల్చిన పొగ కడిగేసుకుపోతుందని షెడ్డు నుంచి పెద్ద ఫ్యాక్టరీ గేటు దాకా నమ్మకం. పొగ వెళ్ళేది శ్వాసనాళంలోకి, బెల్లం వెళ్ళేది అన్నవాహికలోకి. రెండూ గొంతు దగ్గరే విడిపోతాయి. బెల్లం పక్షం వాళ్ళకు చెప్పుకోవడానికి ఒక పరిశోధన కూడా ఉంది. 1994లో లక్నో పరిశోధకులు బొగ్గు, సిలికా ధూళి ఎక్కించిన ఎలుకలకు బెల్లం పెట్టి చూసి, ఊపిరితిత్తుల నుంచి ధూళి తరలిపోవడం పెరిగిందన్నారు. ఆ ఎలుకలు వెల్డింగ్ చెయ్యలేదు, ఈఎంఐలు కట్టడానికి ఓవర్‌టైమూ చెయ్యలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గమే అది. స్టెయిన్‌లెస్ స్టీలును వెల్డ్ చేసినా ప్లాస్మాతో కోసినా వచ్చే పొగలో క్యాన్సర్ తెచ్చే హెక్సావలెంట్ క్రోమియం ఉంటుంది. మామూలు ఉక్కు పొగలోని మాంగనీసు ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే మెదడు మీద పనిచేసి, పార్కిన్సన్స్ లాంటి వణుకూ నడకలో తడబాటూ తెస్తుంది. ఈ పొగలోని కణాలు చాలా వరకు ఒక మైక్రాన్ కంటే చిన్నవి. ముక్కుకు కట్టుకున్న కర్చీఫు వాటిని ఆపలేదు. పొగ పుట్టే చోటనే లాగేసే ఎగ్జాస్టు, ముఖానికి సరిగ్గా అతుక్కునే రెస్పిరేటరు మాత్రమే ఆపుతాయి. బెల్లం ముక్క ఖరీదుకు ఎగ్జాస్టు ఫ్యాన్ రాదు. ఆ వైద్యం అంత పేరు తెచ్చుకోవడానికి అదీ ఒక కారణం.

నాలుగోది అక్కడికక్కడే వచ్చేది. ఇక్కడ సిద్ధాంతం పేరు మార్చుకుని "తలరాత" అవుతుంది. రాడ్డు వెల్డింగ్ మిషన్‌లో ఆర్క్ లేనప్పుడు హోల్డరు దగ్గర ఉండే ఓల్టేజీ సుమారు 50 నుంచి 80. "అది కొడితే జిల్లుమంటుందంతే" అన్నది అనుభవసారం. మే నెల మధ్యాహ్నం, చెమటతో తడిసిన చొక్కా, ఇనప చట్రం మీద కూర్చున్న మనిషి, అతుకుల మీద టేపు ఊడిన కేబులు: ఇవన్నీ కలిసినప్పుడు ఆ 80 ఓల్టులే గుండెను ఆపగలవు. బోర్డులో షాకు తగిలితే కరెంటు ఆపే ఈఎల్‌సీబీ ఉంది కదా అన్న ధీమా కూడా ఇక్కడ పనికిరాదు. మిషన్ లోపలి ట్రాన్స్‌ఫార్మరు హోల్డరు వైపును మెయిన్స్ నుంచి వేరు చేస్తుంది కాబట్టి అటు తగిలిన షాకు దానికి కనబడదు. ప్లాస్మా మిషన్‌లో ఆ ఓల్టేజీ 200 నుంచి 400 దాకా ఉంటుంది, అదీ డీసీ. అయినా నాజిల్ అరిగితే మెయిన్ ఆపకుండానే ఉత్త చేతులతో విప్పి మార్చడం నైపుణ్యంగా చలామణీ అవుతోంది. మిషన్ కట్టేసినా లోపలి కెపాసిటర్లలో కాసేపు చార్జి నిలిచి ఉంటుందని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ మాన్యువల్ ప్లాస్టిక్ కవర్లోంచి ఎన్నడూ బయటికి రాలేదు.

ఖాళీ డ్రమ్ము ఈ సిద్ధాంతానికి తుది పరీక్ష. రెండు వందల లీటర్ల డ్రమ్ము, అడుగున చెంచాడు ఆయిలు తడి, బిరడా బిగించి ఉంది. నీళ్ళ తొట్టి చెయ్యడానికి పైమూత కొయ్యాలి. మేస్త్రీ డ్రమ్మును తడతాడు, ఖంగుమంటుంది. బిరడా తీసి వాసన చూస్తాడు, పెద్దగా లేదు. రెండు పరీక్షలూ పాసయ్యాయి గనుక టార్చి వెలుగుతుంది. నిండా ఆయిలున్న డ్రమ్ములో గాలికి చోటుండదు. ఖాళీ డ్రమ్ములోనే ఆవిరీ గాలీ కలిసి పేలడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ అడుగు తడి టార్చి వేడికి మరింత ఆవిరై మిగిలిన లోటు పూడుస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షను ఇలాంటి పాత్రల్లోని మండే పదార్థాన్నీ దాని ఆవిరినీ పూర్తిగా తొలగించేదాకా వెల్డింగ్, కటింగ్ చెయ్యరాదని స్పష్టంగా చెప్పింది. అంటే డ్రమ్మును శుభ్రంగా కడగాలి, కోసే చోటికి కాస్త కిందిదాకా నీళ్ళు నింపాలి, ఆవిరి బయటికి పోయే దారి ఉంచాలి, మీటరు పెట్టి చూడాలి. వెల్డింగ్‌కు వాడే ఆర్గాన్ వాయువు నిండిన ట్యాంకుదీ ముక్కును నమ్మొద్దన్న ఇదే పాఠం. ఆర్గాన్‌కు రంగూ వాసనా లేవు. లోపలికి దిగినవాడు ఊపిరాడక పడిపోతాడు, వాణ్ణి లేపబోయి దిగినవాడు పక్కనే పడిపోతాడు.

రవ్వల సంగతీ ఇంతే. "ఇక్కడ అంటుకునేదేముంది?" అని చుట్టూ చూస్తారు గాని కిందికి చూడరు. 1996 ఏప్రిల్‌లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో టెర్మినల్ ముందున్న ఎత్తైన రోడ్డు మీద వెల్డింగ్ జరుగుతుండగా, వేడీ రవ్వలూ రోడ్డు సందులోంచి దిగి కింద సీలింగులోని పాలిస్టైరిన్‌కు అంటుకున్నాయి. 17 మంది చనిపోయారు. ఇలాంటివి జరగకూడదనే పని చోటుకు 11 మీటర్ల చుట్టూ మండేవి తీసెయ్యాలనీ, పని ఆగాక కూడా ఒక మనిషి కనీసం అరగంట కాపలా ఉండాలనీ అంతర్జాతీయ ఆచారం. అమెరికా ప్రమాణం ఇప్పుడు దాన్ని గంట చేసింది. షెడ్డులో పని ఆగగానే కాపలా మనిషి సహా అందరూ టీకి వెళతారు.

ఈ సిద్ధాంతాన్ని ఖండించడానికి విదేశీ నిపుణులు అక్కర్లేదు. గల్ఫ్‌లో షట్‌డౌన్ పనులకు వెళ్ళొచ్చిన తెలుగు వెల్డర్లు నిజామాబాద్, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళలో ఎందరో ఉన్నారు. అక్కడ బూట్లు లేకపోతే గేటే దాటనివ్వరు, కాబట్టి 45 డిగ్రీల ఎండలో కూడా నిండా తొడుక్కున్నారు, పనీ చేశారు. ఇంటికొచ్చి సొంత షెడ్డు పెట్టాక అదే మనిషి హవాయి చెప్పుల్లోకి దిగాడు. కళ్ళూ ఊపిరితిత్తులూ మాత్రం వాటితోపాటు మారలేదు. ఉక్కపోస్తుంది, హెల్మెట్‌లో కనబడదు, పని సాగదు అన్న వాదనలన్నీ విమానం దిగిన చోటనే పుట్టాయి.

ఆ వాదనల్లో నిజం బొత్తిగా లేకపోలేదు. చవక నల్లద్దంలోంచి ఆర్క్ వెలిగేదాకా ఏమీ కనబడదు. రోజుకూలీ మీద బతికేవాడికి పని నెమ్మదిస్తే జేబుకు చిల్లు. వెలుగును బట్టి దానంతటదే నల్లబడే హెల్మెట్లు ఉన్నాయి, వాటి ధర మిషన్ ధరలో చిన్న భాగం. అవి కొనాల్సింది కూలీ కాదు, ఓనరు. ఇక్కడ చట్టం ఓనరుకు ఒక ఉపకారం చేసింది. 1948 చట్టం లెక్కలో కరెంటు వాడే చోట 10 మంది పనివాళ్ళుంటేనే ఫ్యాక్టరీ అయ్యేది. 2020 నాటి కార్మిక భద్రతా కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. ముగ్గురు మనుషులూ ఒక ప్లాస్మా మిషనూ ఉన్న షెడ్డు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు కంటికి ఆనదు. అక్కడ రూలు పుస్తకం, తనిఖీ అధికారి, వైద్యుడు అన్నీ "ఏం కాదు" ఒక్కటే.

గట్టిగా చూస్తే పెద్ద రిఫైనరీల్లో కూడా పని మొదలవ్వాలంటే ఎవరో ఒకరు "ఏం కాదు" అనాల్సిందే. అక్కడ దాని పేరు హాట్ వర్క్ పర్మిట్. గ్యాస్ మీటరు పెట్టి చూసినవాడు రీడింగు రాస్తాడు, తేదీ, టైము వేస్తాడు, ఎన్ని గంటల దాకా చెల్లుతుందో రాసి కింద సంతకం పెడతాడు. గడువు దాటితే మళ్ళీ కొలవాలి. షెడ్డులో ఆ మాట అనేది సాధారణంగా టార్చి పట్టుకోనివాడు: రేపు గృహప్రవేశమని గేటు కోసం తొందరపడే కస్టమరు, లేదా ఫోన్ మాట్లాడుతూ దూరంగా నిలబడ్డ ఓనరు. ఏమీ కొలవకుండానే అంటారు. కింద సంతకం పెట్టమంటే మాత్రం ఇద్దరూ పెట్టరు.