అమిరుపేట మేలు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్య విశేషములు

మూలము

బండ నెక్కువాడు బసకునై వెదకుచో
కొండపక్క నిల్లు కోరరాదు
మెట్టు దిగినవెంట మెట్రోను బట్టెడి
యమిరుపేట మేలు హర్మ్యమేల

అవతారిక

రాళ్లెక్కే పిచ్చి గల ఒక కుర్రవాడు కోర్సు నెపంతో హైదరాబాదు దిగి, చేత ఒక సంచీ, వీపున తలుపంత పరుపు మోసుకుంటూ అమీర్‌పేట మైత్రీవనం ముందు నిలబడి, "అన్నా, మనలాంటోడు ఈ ఊళ్లో ఎక్కడుండాలె?" అని అడిగాడట. చాయ్ తాగుతున్న ఒక సీనియరు జవాబుగా ఈ పద్యం చెప్పాడని సంప్రదాయం. జావా బ్యాచు కరపత్రం వెనకవైపు దొరికింది కాబట్టి కాలనిర్ణయం కష్టం కాదు. మెట్రో ప్రస్తావన ఉంది గనుక అది మొదలైన 2017 నవంబరు 28కి ముందుది కాజాలదు. అంతకు ముందుదని వాదించేవాళ్లు పంజాగుట్ట చౌరస్తాలో మెట్రో పిల్లర్ల పనులు నడిచిన రోజుల్లో బస్సు ఎక్కి చూడని వాళ్లు.

ప్రతిపదార్థము

బండన్ = రాతిని. ఏ రాతిని? సందేహం అక్కర్లేదు, ఊరి గ్రానైటునే. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోపల చల్లబడి గట్టిపడ్డ శిలాద్రవం ఇది. పైపొరలు కొట్టుకుపోయాక బయటపడింది, నిలువు అడ్డం పగుళ్లలో నీరు దిగి మూలలు అరిగి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టినట్టు గుండ్లుగా మిగిలింది. చూసేవాళ్లు ఏ రాక్షసుడో పేర్చాడంటారు. ఎవరూ పేర్చలేదు, ఉన్నచోటనే అరిగాయి.

ఎక్కువాడు = ఎక్కుట స్వభావముగా గలవాడు. తద్ధర్మార్థకం. నిన్న ఎక్కాడా, రేపు ఎక్కుతాడా అనే విచారణ ఇక్కడ లేదు. ఆఫీసు లిఫ్టు పక్క గోడను కూడా వేళ్లతో తడిమి చూసేవాడని భావం. మెట్లు కట్టిన గుట్టెక్కి కొబ్బరికాయ కొట్టి దిగేవాడికి, పైదాకా నడిచి సెల్ఫీ దిగేవాడికి ఈ పదం వర్తించదు. తాడు లేకుండా రెండు మూడు మనుషుల ఎత్తు రాయిని పట్టేవాళ్లది బౌల్డరింగు. వీళ్లకు కింద క్రాష్ ప్యాడ్ అనే పరుపూ, పడేటప్పుడు తల పరుపు దాటకుండా చేతులు చాచి నిలబడే స్నేహితుడూ ముఖ్యం. ఆ స్నేహితుడిని స్పాటర్ అంటారు. ఈ స్పాటర్ విషయం మనసులో ఉంచుకోవలె, కింద పనికొస్తుంది.

బసకునై = తలదాచుకొను చోటు కొఱకు. కవి ఇక్కడ 'ఇంటికై' అనలేదు. ఛందస్సు ఒప్పకే కాదు, అడ్వాన్సూ ఒప్పక. నాలుగు షేరింగులో కిటికీ పక్క మంచం, రెండు పూటల భోజనం, ఆదివారం చికెన్, బట్టలారేసే తీగలో తన వంతు మూర. ఇంతే బస.

వెదకుచో = వెదకినట్లయితే. సత్యం థియేటరు రోడ్డు నుంచి ఎస్.ఆర్.నగర్ దాకా గోడలన్నీ హాస్టలు బోర్డులే కనుక ఇక్కడ వెదకడం అంటే వద్దనుకోవడమే. ఆ సత్యం థియేటరు ఇప్పుడు లేదు. అది ఉన్న చోట 2023లో మల్టీప్లెక్సు తెరిచారు. అయినా ఆటోవాళ్లకూ మనకూ అది సత్యం థియేటరే.

కొండపక్కన్ = శిలాసమూహమునకు సమీపమున; ఇల్లు = గృహము; కోరరాదు = అభిలషింపదగదు. దీనిమీద పెద్ద రగడ ఉంది. విశేషాలలో చూడండి.

మెట్టు దిగినవెంట = హాస్టలు మెట్లు దిగిన మరుక్షణమున. నాలుగో అంతస్తు, లిఫ్టు బాగుకు ఎప్పుడో వెళ్లింది. 'మెట్టు' అని ఏకవచనం వేయడం కవి ధైర్యం.

మెట్రోనుఁ బట్టెడి = మెట్రోరైలును అందుకొనునట్టి. ఊళ్లో ఎరుపు, నీలం లైన్లు రెండూ కలిసేది అమీర్‌పేటలో. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ దాకా, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా, అదే ఏడు నవంబరు చివర రాయదుర్గం దాకా దారి తెరుచుకుంది. పడమరకు నీలం రైలెక్కితే తొమ్మిదో స్టేషను రాయదుర్గం. అక్కణ్నుంచి ఆటోలో ఖాజాగూడ గుట్టలు. తూర్పుకు అదే నీలం రైలెక్కితే సికింద్రాబాద్ ఈస్టు. అక్కడ దిగి పెద్ద స్టేషనుకు నడిచి కాజీపేట వైపు వెళ్లే ప్యాసింజరు పడితే తాడుతో ఎక్కే భువనగిరి బండ. ఒక్క స్టేషనులో నిలబడి ఇటు బౌల్డరింగా, అటు తాడు పనా అని నాణెం ఎగరేసుకునే వసతి ఇది. భద్రతా సిబ్బంది మాత్రం పరుపును చూసి, "ఏందన్నా, సామాను షిఫ్టింగా?" అని అడుగుతారు. అవునని తల ఊపడమే క్షేమం. "దీనిమీద పడతామండీ" అని నిజం చెప్పినవాడు ఆ రైలు వదులుకున్నట్టే.

అమిరుపేట = అమీర్‌పేట. దీర్ఘం గణం కోసం పోయింది. అక్కడి గదుల్లో పోయిన అడుగులతో చూస్తే ఈ ఒక్క మాత్ర లెక్కలోనిది కాదు. యడాగమం వచ్చి 'యమిరుపేట' కావడం చూసి ఇందులో యముణ్ని వెదికే వ్యాఖ్యాతలున్నారు. సాయంత్రం ఆరున్నరకు మైత్రీవనం దగ్గర రోడ్డు దాటితే ఆ అర్థం దానంతటదే స్ఫురిస్తుంది, వ్యాకరణం అక్కర్లేదు.

మేలు = శ్రేష్ఠము. హర్మ్యము = మేడ; ఏల = ఎందులకు?

తాత్పర్యము

రాళ్లెక్కేవాడు రాళ్ల పక్కన కాపురం పెట్టకూడదు, అమీర్‌పేటలో మంచం తీసుకోవాలి.

విశేషములు

మొదట పాఠాంతరం. 'కోరరాదు' అన్నచోట 'కోరవలయు' అనే పాఠం ఖాజాగూడ, గచ్చిబౌలి, మణికొండ ప్రాంతాల్లో ప్రచారంలో ఉంది. గణాలు సరిపోతాయి, యతి చెడదు. కనుక ఛందస్సు సాయంతో దాన్ని తోసిపుచ్చలేము, యుక్తితోనే తేల్చాలి.

ఆ ప్రాంతాలవాళ్ల వాదం ఇది. గ్రానైటు పట్టంతా రాపిడిలో ఉంది. వేలికీ స్ఫటికానికీ మధ్య చెమట చేరితే పట్టు పోతుంది. అందుకే మన ఊరి సీజను నవంబరు నుంచి ఫిబ్రవరి, అందులోనూ తెల్లవారుజాము. ఎండెక్కితే బండ పెనమే. కాబట్టి సూర్యుడు ఫక్రుద్దీన్ గుట్ట మీది దర్గా దాటి పైకి రాకముందే బూట్లు బిగించి సిద్ధంగా ఉన్నవాడికే ఫలం. అమీర్‌పేటవాడు మొదటి మెట్రో కోసం షట్టరు ముందు నిలబడి, రాయదుర్గంలో ఆటోవాడితో బేరమాడి వచ్చేసరికి ఖాజాగూడవాడు రెండు రాళ్లు ఎక్కి ఇంట్లో ఉప్మా తింటుంటాడు. పైగా శిష్టుల ఆచారం చూడండి, అంటారు. కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయలో క్యాంప్ 4 అనే గుడారాల మైదానం ఉంది. తరతరాల క్లైంబర్లు అక్కడే పడి ఉండి ఎదుటి గోడలు ఎక్కారు. 2003లో ఆ మైదానాన్నే అమెరికా చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. అలెక్స్ హోనాల్డ్ అనే క్లైంబరు ఏళ్లతరబడి ఒక వ్యానునే ఇల్లు చేసుకొని, 2017 జూన్ 3న ఆ లోయలోని ఎల్ కాపిటాన్ గోడను తాడు లేకుండా నాలుగు గంటల లోపు ఎక్కాడు. రాతి పక్కనే నివాసమన్నది ఇంతకన్నా ఎలా రుజువవుతుంది?

దీనికి సమాధానం. దృష్టాంతం చెడింది. గుడారం వేరు, ఇల్లు వేరు. క్యాంప్ 4లో వేసవి రద్దీలో ఏడు రాత్రులు దాటి ఉండనివ్వరు. గుడారం పీకేస్తే గడ్డి మళ్లీ లేస్తుంది. వ్యానుకు పునాది లేదు. పద్యంలో కవి నిషేధించింది కొండపక్క నిద్రను కాదు, కొండపక్క 'ఇల్లు'ను. మన ఊళ్లో కొండపక్క ఇల్లు కొండపక్క లేవదు, కొండ ఉన్న చోట లేస్తుంది. ముందు డ్రిల్లింగు, తర్వాత మధ్యాహ్నం ఈల వేసి పేలుడు, తర్వాత కంకర లారీ, ఆ గోతిలో మూడంతస్తుల సెల్లారు. అటుపైన బ్రోచరులో మిగిలిన ఒక్క గుండు బొమ్మ వేసి, ప్రకృతి ఒడిలో మీ కలల గూడు అని రాస్తారు. ఆ ఒక్క గుండు చూసి క్లైంబరు అడ్వాన్సు కడతాడు. ఫేజ్ రెండులో అదీ పోతుంది. దుర్గం చెరువు ఒకప్పుడు రాళ్ల మధ్య దాగి ఊరికే తెలియని చెరువు. 2020లో దాని మీద కేబుల్ బ్రిడ్జి వేశాక రాత్రిపూట రంగురంగుల లైట్లలో అందరికీ తెలిసింది. చెరువు ఉంది. చుట్టూ రాళ్లెన్ని మిగిలాయో ఒకసారి పడమటి గట్టున నడిచి చూడవచ్చు.

రాళ్లను కాపాడదామని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' పెట్టుకున్నారు కొందరు. జనాన్ని వెంటబెట్టుకొని రాళ్ల మధ్య నడకలు తిప్పుతారు. కొన్ని శిలలకు వారసత్వ సంపదగా రక్షణ వచ్చింది కూడా. సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు బండ వాటిలో ఒకటి. అయితే రక్షణ జాబితాకు ఎక్కేది చూడ ముచ్చటైన గుండే. క్లైంబరుకు కావలసింది చూపుకు ఆనని, ఒక పక్క వాలు, ఒక పక్క వేలు దూరే పగులు ఉన్న మామూలు రాయి. దాని తరఫున మాట్లాడేవాడు తక్కువ. కనుక దాని పక్కన ఇల్లు కొనకపోవడమే దానికి చేయగల సాయమని కవి హృదయం.

కొండపక్క ఇల్లు కట్టి కూడా కొండను బతకనిచ్చిన వాళ్లు లేరా అంటే, ఉన్నారు. నిజాం కాలంలో మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకుంటూ బండలను తొలగించకుండా వాటిని గోడల్లోకీ గదుల్లోకీ కలుపుకున్నాడు. తర్వాత ఆయనే గుజరాత్ మొదటి గవర్నరయ్యాడు. అంతటివాడికి చెల్లింది. ఇప్పుడు చదరపు అడుగు లెక్కన కొనే చోట, హాల్లో ఒక గుండు ఉంటే దాని విస్తీర్ణం కార్పెట్ ఏరియాలో వస్తుందా రాదా అని బిల్డరుతో తగాదా.

అమీర్‌పేట శాఖకు విదేశీ ప్రమాణం కావాలంటే పారిస్ ఉంది. ఆ ఊరికి దక్షిణాన అరవై కిలోమీటర్ల దూరంలో ఫోంతేన్‌బ్లో అడవి, అందులో ఇసుకరాతి గుండ్లు. పారిస్ కుర్రాళ్లు వారమంతా ఊళ్లో పనిచేసుకొని, సెలవు రోజు రైలెక్కి వెళ్లి ఆ గుండ్లు ఎక్కి, రాత్రికి తిరిగొచ్చేవాళ్లు. బౌల్డరింగు అనే ఆట అలా నగరవాసుల వారాంతాల్లోనే పెరిగింది. ఆ అడవి ఇంకా అడవిగానే ఉంది. రైలుదూరం రాతికి ఆయుష్షు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక స్పాటర్ మాట. ఖాజాగూడ ఫ్లాటువాడికి రాయి దగ్గరే, మనుషులు దూరం. పక్క ఫ్లాటు అంకుల్‌ను ఆదివారం అయిదింటికి లేపి, "నేను పడతాను, మీరు పట్టుకోండి" అనగలడా? హాస్టల్లో అలా కాదు. ఎదుటి మంచం మీద భీమవరం, పక్క మంచం మీద కరీంనగర్, తలుపు దగ్గర ఒంగోలు. ముగ్గురికీ ఆదివారం పని లేదు, ముగ్గురికీ కావలసింది ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. వాటికి బదులుగా చేతులు చాచి నిలబడతారు. మొదటివారం నవ్వుతారు, మూడోవారం బూట్లు అడుగుతారు.

పంజాగుట్ట శాఖ కూడా ఒకటుంది, చిన్నది. వాళ్లు నాలుగో పాదాన్ని 'పంజగుట్ట మేలు భవనమేల' అని చదువుతారు. ఇక్కడా యతి నిలుస్తుంది, ప-భలకు మైత్రి ఉంది. పేరులోనే గుట్ట ఉంది కదా అని వాళ్ల మొదటి హేతువు. ఆ పేరు నమ్మి గది తీసుకున్నవాడికి కిటికీలోంచి కనబడేది ఫ్లైఓవరు. రెండో హేతువు మాత్రం బలమైనదని ఒప్పుకోవాలి. అక్కడ నిమ్స్ ఆసుపత్రి ఉంది. అది మొదట నిజాం ఎముకల ఆసుపత్రిగానే పుట్టింది. బండనెక్కువాడు బండ నుంచి పడువాడు కూడా కనుక, ఎక్కే చోటికి దగ్గరగా కాక చేరే చోటికి దగ్గరగా ఉండమనడం దూరదృష్టే. కానీ అమీర్‌పేట నుంచి నిమ్స్ ఎంత దూరం? ఎరుపు లైనులో పక్క స్టేషనే పంజాగుట్ట, ఆ పైది ఇర్రం మంజిల్. చీలమండ విరిగినవాడు రెండు స్టేషన్లు ఓర్చుకోలేడా? అద్దె తేడా ఆ మాత్రం ఓర్పునిస్తుంది.

భువనగిరి ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒక మాట. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన ఆ కోట అయిదు వందల అడుగులకు పైబడ్డ ఏకశిల మీద ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆ రాతి మీదే తాడు పట్టడం నేర్చుకొని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె ఊరు నిజామాబాదు జిల్లా పాకాల. కొండపక్క ఇల్లు ఉందా లేదా అని ఆ పిల్లను ఎవరూ అడగలేదు. హాస్టలు ఉంది, అది చాలింది. సిద్ధాంతానికి ఇంతకన్నా బలం నాకు కనబడలేదు.

'హర్మ్యమేల' అన్నది నిజమైన ప్రశ్న కాదని, కాకువని కొందరు. నిజమైన ప్రశ్నే అని నా మతం. హాస్టలు గదికి లోపాలు లేకపోలేదు. గోడకు మేకు కొట్టరాదని ఓనరు శాసనం కనుక వేళ్లకు బలమిచ్చే హ్యాంగ్‌బోర్డు బిగించే వీలు లేదు, తలుపు ద్వారబంధం పట్టుకొని వేలాడాల్సిందే. చేతులకు పూసుకునే మెగ్నీషియం కార్బొనేట్ పొట్లాన్ని అలమరలో చూసిన ఓనరు, "ఈ తెల్లపొడి ఏంది తమ్మీ?" అని తలుపు గడియ వేసి మరీ అడుగుతాడు. అక్కడే రాసి చూపించాలి.

చివరగా దోషవిచారం. ఖాజాగూడవారు ఎత్తిచూపిన తెల్లవారుజాము మాటకు కవి బదులివ్వలేదు, నేనూ ఇవ్వలేదు. మొదటి మెట్రో వచ్చేసరికి తూర్పు తెల్లబడుతుంది, ఇది కాదనలేని దోషం. దీనికి పరిహారం శాస్త్రంలో లేదు, లోకాచారంలో ఉంది. అమీర్‌పేట శాఖవారు శనివారం రాత్రి చివరి మెట్రోలో రాయదుర్గం చేరి, ఖాజాగూడ శాఖకు చెందిన ఎవరో ఒకరి ఫ్లాటులో, పదకొండో అంతస్తు హాల్లో, క్రాష్ ప్యాడ్ విప్పి దాని మీదే పడుకుంటారు. గృహస్థు దుప్పటి ఇస్తాడు, ఫిల్టరు కాఫీ ఇస్తాడు. ఆ టవరు లేవడానికి ఏ బండను పేల్చారో ఆ రాత్రికి అడగకపోవడం అతిథి ధర్మం.